నంది కొండ, లేపాక్షి, బెంగుళూరు: మధ్యలో ఒక సాంక్షన్ కాగితం

బెంగుళూరులో ఉండే తెలుగు సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే చూపించే చోట్లు పెద్దగా ఏమీ ఉండవు. తెల్లారుజామున లేపి నంది కొండ, ఒక ఆదివారం లేపాక్షి, ఇంకో ఆదివారం లాల్‌బాగ్. (మాల్స్ కూడా ఉన్నాయి గానీ, వాళ్ళు ఎస్కలేటర్ దగ్గరే ఆగిపోతారు.) ఈ మూడూ నేను లెక్కలేనన్ని సార్లు తిరిగాను. ఫ్రెండ్స్‌తో, టీమ్ ఔటింగుల్లో, అమెరికా నుంచి దిగిన బావగారితో... ప్రతిసారీ అదే తంతు. గైడు చెప్పింది వినడం, ఫొటోలు దిగడం, దారిలో ఇడ్లీలు తిని ట్రాఫిక్ పెరిగేలోపు ఇంట్లో పడడం.

మొన్న జనవరిలో మా నాయన వచ్చాడు. ఆయన అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. చేతిలో కాగితం పెడితే ముందు కింద సంతకం ఎవరిదో, తేదీ ఏమిటో చూసి, ఆ తర్వాతే పైనున్న సంగతి చదువుతాడు. అలాంటి మనిషిని వెంటేసుకుని తిరిగేసరికి, ఇన్నేళ్ళూ చూసిన చోట్లే వేరేగా కనబడ్డాయి. ఈ మూడు చోట్లా మనకి చెప్పే కథలన్నీ రక్తం కథలే. ఎవరో కళ్ళు పీకేసుకున్నారు, ఎవర్నో కొండ మీంచి తోసేశారు, ఎవరో తల నరుక్కున్నారు. కానీ ఆ కాలం వాళ్ళు రాయి మీదా రాగి మీదా రాసి పెట్టుకున్నవన్నీ లెక్కలు. ఎవరు కట్టారు, ఎవరు అనుమతిచ్చారు, ఏ ఊరి ఆదాయం రాసిచ్చారు, ఎంతకి అమ్మారు. నా మటుకు నాకు ఈ లెక్కలే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తున్నాయి ఇప్పుడు. ఎందుకో చెప్తాను.

ముందు నంది కొండ.

పొద్దున్నే నాలుగున్నరకి బయల్దేరాం. ఊరికి అరవై కిలోమీటర్లు. పైకి వెళ్ళేసరికి మంచు, మంచులో మూడొందల మంది కుర్రాళ్ళు, మూడొందల సెల్ఫీలు. కొండ ఎత్తు 1478 మీటర్లు. అక్కడ అందరూ ముందు పరిగెత్తేది 'టిప్పు డ్రాప్' దగ్గరికి. మరణశిక్ష పడిన వాళ్ళని టిప్పు అక్కడి నుంచి తోయించేవాడని కథ. మా నాయన అంచు దాకా వచ్చి, కిందకి ఒకసారి చూసి, "ఇంత దూరం ఎక్కించి చంపాల్నా? బండ్లకి బాడుగ ఎవరిచ్చేది?" అన్నాడు. నాకు నవ్వాగలేదు గానీ ప్రశ్న మాత్రం సబబే కదా!

నంది కొండ కోటకి సంబంధించి సైనిక చరిత్రల్లో బాగా రాసిపెట్టిన సంగతి వేరే ఉంది. 1791లో, అంటే మూడో మైసూరు యుద్ధంలో, కారన్‌వాలిస్ సైన్యం ఈ కొండని ముట్టడించింది. మూడు వైపులా నిట్టనిలువు బండ. ఎక్కడానికి వీలున్న నాలుగో వైపు గోడ మీద గోడ. పక్కనున్న వాలు మీదికి ఏనుగులతో ఫిరంగులు లాగించుకుని, దాదాపు నాలుగు వారాలు కొట్టి, అక్టోబరు 19 తెల్లవారుజామున వెన్నెట్లో ఎక్కేశారు. పైనున్న వాళ్ళు తుపాకుల కన్నా ఎక్కువగా నమ్ముకున్నది బండరాళ్ళని. దొర్లించడమే. కింద ఎక్కుతున్న వాళ్ళకి తగిలిన దెబ్బల్లో చాలా భాగం ఆ రాళ్ళవే. అంటే ఈ కొండ మీంచి పడ్డది మనుషులని గైడు చెప్తాడు, రాళ్ళని యుద్ధం చేసినవాళ్ళు రాసుకున్నారు. ఆ యుద్ధంలో హైదరాబాదు నిజాము సైన్యం కూడా కారన్‌వాలిస్ పక్షానే ఉందని మనవాళ్ళు తరచూ మర్చిపోతుంటారు లెండి.

మా నాయనకి ఇవేవీ పట్టలేదు. ఆయనకి పట్టింది నీళ్ళు. ఈ కొండల వరసలోనే పెన్న పుడుతుంది. చిత్రావతి, పాపాఘ్ని, అటు కావేరిలో కలిసే అర్కావతి, తమిళనాడుకి పోయే దక్షిణ పినాకిని, అన్నీ ఈ చుట్టుపక్కలే. పెన్న ఇక్కడ బయల్దేరి, హిందూపురం మీదుగా అనంతపురం జిల్లాలోకి వచ్చి, తాడిపత్రి, గండికోట దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసేదాకా 597 కిలోమీటర్లు. చిత్రావతి పుట్టపర్తి పక్కనుంచి పోతుంది. అనంతపురం వాడికి పెన్న అంటే ఇసుక. నా చిన్నప్పుడు ఆ ఇసుకలో చెలమలు తవ్వి బిందెలు నింపుకోవడమే చూశాను గానీ ఏరు పారడం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మంచు కరిగి కింద చెరువులు కనిపిస్తుంటే ఆయన గోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"పుట్టేది ఈడ. ఈళ్ళు తాగినాక మిగిల్తే మాకు" అన్నాడు.

కొండ దిగాక కింద భోగ నందీశ్వరుడి గుడి. కొండెక్కిన వాళ్ళలో సగం మంది ఇక్కడ ఆగరు, పాపం. పైన యోగ నందీశ్వరుడు విరాగి, కాబట్టి ఆయనకి పండగలూ పబ్బాలూ ఉండవు. కింద స్వామికి అన్నీ ఉంటాయి. ఈ గుడి గురించి ఒక రాగి శాసనం ఉంది, 806వ సంవత్సరానిది, రాష్ట్రకూట గోవిందుడి కాలం నాటిది. బాణరాజు విద్యాధరుడి రాణి రత్నావళి ఈ శివాలయం కట్టించిందని అందులో ఉంటుంది. పన్నెండొందల ఏళ్ళు! ఆవిడ ముఖం మనకి తెలీదు, ఆవిడ గురించి కథలూ లేవు. ఉన్నదల్లా ఒక దానం కాగితం. (రాగిదే అనుకోండి.) ఆ తర్వాత నొళంబులు, చోళులు, హొయసళులు, విజయనగరం వాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు. కల్యాణమండపం నల్లరాతి స్తంభాల మీద చిలకలూ తీగలూ చూస్తూ ఓ గంట కూర్చోవచ్చు. కోనేరు మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. మా అమ్మ వచ్చి ఉంటే బావుండేది, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

ఇహ లేపాక్షి. అసలు రాద్దామనుకున్నది దీని గురించే.

హైదరాబాదు హైవే మీద కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకి తిరిగితే వస్తుంది. బెంగుళూరు నుంచి నూట ఇరవై కిలోమీటర్లు. ఇన్నాళ్ళూ అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అదే ఏడు యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. ముందు ఆ పెద్ద నంది, పదిహేనడుగుల ఎత్తు, ఇరవై ఏడడుగుల పొడవు, ఒకటే రాయి. తర్వాత గుడి. గుడిలో వేలాడే స్తంభం కింద పేపరు దూర్చడం మన జాతీయ కర్తవ్యం కాబట్టి అదీ చేశాం. స్తంభం ఒక మూల మాత్రం నేలకి ఆనుకుని ఉంటుంది. ఎవరో తెల్లదొర ఇంజినీరు గడ్డపార పెట్టి కదిపితే మిగతా స్తంభాలు పక్కకి ఒరిగాయని గైడు చెప్పాడు. ప్రొడక్షన్‌లో నడుస్తున్న సిస్టమ్‌ని 'ఎలా పని చేస్తోందో చూద్దాం' అని కదిపితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

గైడు ఆ తర్వాత తీసుకెళ్ళేది పడమటి వైపు ప్రాకారం దగ్గరికి. గోడ మీద రెండు ఎర్రటి మరకలు. కథ మీకు తెలిసే ఉంటుంది. విరూపణ్ణ విజయనగర రాజుల దగ్గర పెనుకొండలో కోశాధికారి. రాజు లేని సమయంలో ఖజానా డబ్బు తీసి ఈ గుడి కట్టించాడు. రాజు తిరిగొచ్చి చూస్తే ఖజానా ఖాళీ. కళ్ళు పీకించమని ఆజ్ఞ. రాజుకి ఆ శ్రమ ఎందుకని విరూపణ్ణే తన కళ్ళు పీకి గోడకి కొట్టాడు. ఆ మరకలే ఇవి. అందుకే 'లేప-అక్షి'. అందుకే కల్యాణమండపం సగంలో ఆగిపోయింది. గైడు ఇక్కడ గొంతు తగ్గించాడు, చుట్టూ ఉన్నవాళ్ళు 'అయ్యో' అన్నారు, ఒకావిడ గోడకి దండం పెట్టింది.

మా నాయన మాత్రం కళ్ళజోడు తుడుచుకుని మరకల దగ్గరగా చూసి, "సాంక్షన్ కాగితం రాకముందే ఖర్చు పెట్టుంటాడు" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. అది కాసేపట్లో చెప్తాను, ముందు విరూపణ్ణ సంగతి చూద్దాం.

విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ నిజంగా ఉన్న మనుషులే. నంది లక్కిశెట్టి కొడుకులు. వాళ్ళ కాలం అచ్యుతదేవరాయలిది. ఈ అచ్యుతరాయల గురించి మనం స్కూల్లో చదువుకున్నదెంత? కృష్ణదేవరాయలు అనగానే అష్టదిగ్గజాలు, ఆముక్తమాల్యద, చివరికి 'ఆదిత్య 369' దాకా వెళ్ళిపోతాం. ఆయన 1529లో పోయాక సరాసరి 1565 తళ్ళికోట యుద్ధంలో తేలుతాం. మధ్యలో ముప్ఫై ఆరేళ్ళు ఎవరు తినేశారు? అందులో 1529 నుంచి 1542 వరకు రాజ్యం చేసినవాడు కృష్ణరాయల సవతి తమ్ముడు అచ్యుతుడు. ఆయన కాలంలో విజయనగరంలో ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఆయన్ని తీసిపారేస్తూ రాశాడు. తర్వాత చరిత్ర రాసినవాళ్ళు చాలామంది అదే ఎత్తి రాశారు. కానీ ఆయన ఆస్థానంలోని రాజనాథ డిండిముడు ఆయన మీద అచ్యుతరాయాభ్యుదయం అని సంస్కృతంలో ఒక కావ్యమే రాశాడు. దక్షిణాన తామ్రపర్ణి దాకా దండయాత్ర నడిపించి అక్కడ జయస్తంభం వేయించాడు. తిరుమలలో కృష్ణరాయలవారి విగ్రహానికి దండం పెట్టుకుని ముందుకు తోసుకుపోతాం కదా, ఈసారి అదే మండపంలో చూడండి, అచ్యుతరాయలూ ఆయన భార్య వరదాంబికా కూడా నిలబడి ఉంటారు.

లేపాక్షి శాసనాల్లో చాలావాటిది ఈ అచ్యుతుడి కాలమే, 1530ల నాటివి. వాటిలో ఉన్నవి దానాలు. ఫలానా ఊరు, ఫలానా పొలం, దేవుడి ఫలానా కైంకర్యానికి. కొన్ని రాజు పేర, కొన్ని విరూపణ్ణ పేర. గుడికి ఊళ్ళు రాసివ్వడమంటే ఆ ఊళ్ళ ఆదాయం మీద రాజ్యం హక్కు వదులుకోవడం. పైవాడికి తెలియకుండా రాయి మీద చెక్కించి నలుగురూ తిరిగే చోట నిలబెట్టే వ్యవహారం కాదది. దొంగలెక్కలు రాసేవాడు ఆ లెక్కని గుళ్ళో బండ మీద చెక్కిస్తాడా చెప్పండి?

ఇంకోటి. లోపల మండపం పైకప్పు చూడాలంటే మెడ నొప్పి పుడుతుంది గానీ చూడాల్సిందే. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, అంతఃపురం స్త్రీల చీరల అంచులు (వీటి నుంచే ఈనాటి 'లేపాక్షి డిజైన్లు'). అక్కడే విరూపణ్ణ, వీరణ్ణ కూడా ఉన్నారు, పొడుగాటి టోపీలు పెట్టుకుని, పరివారంతో సహా, దేవుడి ప్రసాదం తీసుకుంటూ. ఖజానా కొల్లగొట్టినవాడని రాజు కళ్ళు పీకించబోయిన మనిషి బొమ్మని ఎవరూ చెరపలేదు, మీద సున్నం పుయ్యలేదు. నా దృష్టిలో ఆ రెండు మరకల కన్నా ఈ బొమ్మ పెద్ద సాక్ష్యం. కోర్టులో నిలబడదు, ఒప్పుకుంటాను.

అదే పైకప్పు మీద మనునీతి చోళుడి కథ కూడా వేశారు. కొడుకు రథం కింద దూడ చచ్చిపోతే, ఆవు వచ్చి గంట కొట్టిందని, కొడుకుని అదే రథం కింద తొక్కించమన్న రాజు. మా నాయనకి గైడు ఇది చూపించినప్పుడు "దూడ యాడ కనపడతాంది?" అని వెతికి వెతికి చూశాడు.

ఆగిపోయిన కల్యాణమండపం సంగతికొస్తే, సగంలో ఆగిన కట్టడాలు విజయనగరం నాటివి దక్షిణాదిలో ఊరికొకటి ఉంటాయి. మొండి గోపురాల్ని 'రాయగోపురాలు' అని పిలుచుకునేంత మామూలు. 1542లో అచ్యుతుడు పోయాక విజయనగరంలో పెద్ద గొడవలు జరిగాయి. బావమరిది సలకరాజు తిరుమలుడు గద్దె కోసం అచ్యుతుడి కొడుకునే చంపించాడు, అళియ రామరాయలు తిరుమలుణ్ణి చంపి సదాశివరాయల్ని కూర్చోబెట్టాడు. రాజధానిలో మేనేజిమెంటు మారితే కింద ప్రాజెక్టులు ఆగిపోవడానికి ఎవరి కళ్ళూ పొయ్యక్కర్లేదు. అది మనందరికీ అనుభవమే.

సరే, నేనెందుకు నవ్వలేదో చెప్తానన్నాను కదా.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా నాయన్ని సస్పెండు చేశారు. కరువు పనుల కాలం. చెరువు కట్ట పని జరుగుతోంది, కూలీలకి మూడు వారాల బట్వాడా ఆగిపోయింది. పైన మంజూరయింది, ఆర్డరు వస్తోంది, ఇచ్చెయ్యండి అని పైఆఫీసరు నోటిమాటగా అంటే మా నాయన డబ్బు ఇచ్చేశాడు. ఆర్డరు వచ్చేలోపు ఆఫీసరుకి ట్రాన్స్‌ఫర్ అయింది. కొత్తగా వచ్చినాయన నాకు సంబంధం లేదన్నాడు. ఆడిట్ వాళ్ళు రాశారు. పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. చివరికి మస్టర్ రోల్స్‌లో వేలిముద్రలన్నీ సరిగ్గా ఉన్నాయని తేలి మళ్ళీ తీసుకున్నారు, ఒక ఇంక్రిమెంటు కోసి. ఇవన్నీ నాకు ఉద్యోగం వచ్చాక మా అమ్మ చెప్పింది. ఆరో తరగతిలో నాకు తెలిసింది మాత్రం మా వీధిలో చెప్పుకునే కథ. గవర్నమెంటు డబ్బు తిన్నాడంట, పట్టుబడినాడంట. స్కూల్లో ఒకడు నా మొహమ్మీదే అన్నాడు. నేను వాణ్ణి కొట్టలేదు. ఎందుకంటే నేనూ నమ్మాను. చాలా ఏళ్ళు నమ్మాను. ఆయన్ని అడగనూ లేదు.

ఆ గోడ ముందు నిలబడి 'అయ్యో' అంటున్న జనంలో ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆయన ఇంకేమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కాక మాత్రం "ఆ విరూపణ్ణ లెక్క పుస్తకం దొరికుంటే బాగుండు" అన్నాడు.

మూడోది బెంగుళూరు.

దీనికో తమాషా ఉంది. కెంపేగౌడ బెంగుళూరు కోటకి పునాది వేసింది 1537లో. అంటే లేపాక్షి పని జరుగుతున్న ఏళ్ళే. రాజు కూడా ఆ అచ్యుతరాయలే. నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒకే రాజు కింద ఇద్దరు అధికారులు, ఒకాయన గుడి కడుతున్నాడు, ఒకాయన పేట కడుతున్నాడు. యలహంక నాడప్రభువు కెంపేగౌడ రాజుని అడిగి అనుమతి తెచ్చుకున్నాడని, ఖర్చులకి ముప్ఫైవేల వరహాల ఆదాయం వచ్చే పన్నెండు హోబళీలు రాజు ఇచ్చాడని చెప్తారు. చూశారా, ఈయనకి సాంక్షనూ ఉంది, బడ్జెట్టూ ఉంది! నాలుగు దిక్కులా నాలుగు జతల ఎద్దుల్తో నాగలి దున్నించి వీధులు గీశాడు. అక్కిపేట, రాగిపేట, బళెపేట, అరళెపేట... బియ్యం, రాగులు, గాజులు, దూది. ఈ ఊరు అసలు మార్కెట్టుగానే పుట్టింది.

కానీ ఈయనా తప్పించుకోలేదు. భైరవేశ్వరుడి పేర సొంతంగా నాణేలు ముద్రించాడని, అనుమతి లేకుండా ఆ పని చేసినందుకు రామరాయలు పట్టించి ఆనెగొందిలో అయిదేళ్ళు ఖైదు చేశాడని, భారీగా జుల్మానా కట్టి బయటపడ్డాడని చెప్పుకుంటారు. బయటికొచ్చి మళ్ళీ తన ఊరు తను కట్టుకున్నాడు. ఈయన వంశంలో గంగాగౌరీ విలాసం అనే యక్షగానం తెలుగులో రాశారని కూడా అంటారు. మనవాళ్ళు ఆటో డ్రైవర్లతో భాష గురించి గొడవ పడే ముందు ఇద్దరూ ఇది తెలుసుకుంటే మంచిది.

బెంగుళూరు రక్తం కథ కోరమంగళలో ఉంది. కోట గుమ్మం ఎన్నిసార్లు నిలబెట్టినా కూలిపోతోందట, నిండు చూలాలిని బలి ఇస్తేగానీ నిలవదన్నారట. కెంపేగౌడ ఒప్పుకోలేదు. ఆయన కోడలు లక్ష్మమ్మ రాత్రి ఎవరికీ చెప్పకుండా వెళ్ళి గుమ్మం దగ్గర తల నరుక్కుంది. ఆవిడ పేర కోరమంగళలో గుడి ఉంది. ఆ పక్కనే నేను మూడేళ్ళు ఉద్యోగం చేశాను, రోజూ టీ తాగడానికి ఆ వీధిలోకే వచ్చేవాణ్ణి, ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. ఈసారి వెళ్ళాం. మా నాయన దండం పెట్టుకున్నాడు. బయటికొచ్చాక, "మట్టి గోడ. అడుగున నీళ్ళు ఊరింటాయి, అందుకే కూలింటుంది" అన్నాడు. చెరువు కట్టల పని చూసిన మనిషి కదా.

నీళ్ళంటే గుర్తొచ్చింది. ఈ ఊరికి పెద్ద నది లేదు. కాబట్టి కెంపేగౌడ, ఆ తర్వాతి వాళ్ళు చెరువులు తవ్వించారు. కెంపాంబుధి, ధర్మాంబుధి, సంపంగి. ఒక చెరువు నిండి పొర్లితే కింద చెరువుకి, అది నిండితే ఇంకో దానికి. మన భాషలో చెప్పాలంటే పైప్‌లైన్. ధర్మాంబుధి ఎక్కడుందో తెలుసా? హైదరాబాదు, తిరుపతి, అనంతపురం బస్సులు దిగి ఉద్యోగం వెతుక్కుంటూ మనం మొదట కాలు పెట్టే మెజెస్టిక్ బస్టాండు, అదే. సంపంగి చెరువు మీద కంఠీరవ స్టేడియం ఉంది. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి సాఫ్ట్‌వేరు వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసుకి వెళ్ళిన ఫొటోలు దేశమంతా చూసింది. ఆ తర్వాత ఏడాదిన్నరకే, 2024 మార్చిలో, అదే అపార్టుమెంట్లలో ట్యాంకర్ల కోసం క్యూలు. ఒకే ఊరికి రెండు కష్టాలూ రావడానికి మధ్యలో తెగిన ఆ గొలుసే చాలావరకు కారణం. దేవనహళ్ళి విమానాశ్రయం ముందు 108 అడుగుల కెంపేగౌడ విగ్రహం పెట్టారు. ఆయన చెరువుల్లో మాత్రం బస్సులు తిరుగుతున్నాయి.

ఊరి అమ్మకం లెక్క ఒకటుంది, అది చెప్పకపోతే నాకు తోచదు. 1638లో బీజాపూరు వాళ్ళు గెలిచి బెంగుళూరుని శివాజీ తండ్రి షాహాజీకి జాగీరుగా ఇచ్చారు. తర్వాత అది ఆయన ఇంకో కొడుకు ఏకోజీ చేతికొచ్చింది. ఆయనేమో తంజావూరులో స్థిరపడ్డాడు, ఇంత దూరంలో ఈ ఊరెందుకని మైసూరు చిక్కదేవరాయ ఒడెయరుకి మూడు లక్షల రూపాయలకి బేరం పెట్టాడు. బేరం తెగేలోపే 1687లో ఔరంగజేబు సేనాని కాసింఖాన్ వచ్చి ఊరు పట్టేసుకున్నాడు. పట్టుకుని, అదే మూడు లక్షలు తీసుకుని అదే చిక్కదేవరాయకి ఇచ్చేశాడు! (గోల్కొండ పడిపోయిందీ ఆ ఏడే.) ఊరంతా మూడు లక్షలు. మా అపార్టుమెంటులో కారు పార్కింగుకి అంతకన్నా ఎక్కువ తీసుకున్నారు. ఇది చెప్పినప్పుడు మా నాయన నవ్వి నవ్వి, "రసీదు ఇచ్చినాడా?" అన్నాడు.

ఆయన ప్రయాణం ఆ రాత్రే. అనంతపురం బస్సు కోసం మెజెస్టిక్‌లో నిలబడ్డాం, అంటే ధర్మాంబుధి చెరువు నడిమధ్యలో అన్నమాట. బస్సు ఇంకా రాలేదు. నేను అడగాలా వద్దా అని కాసేపు ఆలోచించి చివరికి అడిగేశాను. "నాయనా, అప్పటి ఆ సస్పెన్షన్ కాగితాలు ఉన్నాయా నీ దగ్గర?"

ఆయన నా వైపు చూడలేదు, బోర్డులు చూస్తూనే ఉన్నాడు.

"అన్నీ ఉండాయి. చార్జిమెమో, నేనిచ్చిన జవాబు, మస్టర్ రోల్ నకళ్ళు. బీరువాలో పైఅరలో, మీ అమ్మ చీరల కింద."

"ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతావా?"

"వాట్సాప్‌లో ఏం కనపడతాది రా? నూట పన్నెండు మంది వేలిముద్రలు. ఉగాదికి వస్తావు గదా, కూర్చుని సూడు" అని, బస్సు వస్తే సంచి తీసుకుని ఎక్కేశాడు.

ఉగాదికి రెండు రోజులు సెలవు పెట్టాను. రిలీజు ఉందని మేనేజరు గొణుగుతున్నాడు. గొణగనీ.